ఉద్యాపన లేని సంధిగౌరీ వ్రతము

పసుపుతో చేసిన గౌరమ్మను తమలపాకు మీద నిలిపి, ధూపదీపములు సమర్పించి, ఇంటిల్లిపాదియు దగ్గరగా కూర్చుండి ఈ కథను వినవలెను. వినునప్పుడు చేతిలో అక్షతలు పట్టుకొనుట ఆచారము. వ్రేళ్ళు ముడుచుకొననివారు వాటిని ఒడిలో ఉంచుకొన్నను దోషము లేదు. నేల మీద కూర్చుండలేనివారు కుర్చీ వేసికొనవచ్చును. గౌరీదేవి అంతమాత్రమునకు కోపించునది కాదు.

గౌతమీ నది పాయలుగా చీలి సముద్రమును చేరు చోట ప్రశాంతుడను మహర్షి నివసించుచుండెను. ఒకనాడు హరిదత్తుడను ముని ఆయనను దర్శించి, నమస్కరించి, యిట్లు ప్రశ్నించెను. "మహాత్మా, కలియుగమున కొందరు స్త్రీలకు నడివయసు రాకముందే చేతుల కీళ్ళు వాచుచున్నవి. తెల్లవారునప్పటికి వ్రేళ్ళు బిగుసుకొనిపోయి, పిడికిలి పట్టుటకు గాని కొప్పు ముడుచుకొనుటకు గాని శక్తి లేకుండుచున్నది. వారు తమ పనిని, తమ పరువును నిలుపుకొను వ్రతమేదైన ఉన్నచో సెలవిండు."

మహర్షి మిక్కిలి సంతోషించెను. "నాయనా, నా యొద్దకు మోక్షము సంగతి అడుగువారే వచ్చుచున్నారు గాని మోకాళ్ళ సంగతి అడిగినవాడవు నీవొక్కడవే. అట్టి వ్రతమున్నది. దానిని సంధిగౌరీ వ్రతమందురు. ఎముకకు ఎముక కలియు ప్రతి సంధియందును కొలువైయుండు తల్లి గనుక గౌరికి ఆ పేరు. ఈ వ్రతమును పట్టి, చెడగొట్టి, మరల పట్టి గెలిచిన ఒక ఇల్లాలి కథ చెప్పెదను, వినుము" అని ఆరంభించెను.

గౌతమీ పాయల నడుమ రేకులంకయను గ్రామము కలదు. ఆ ఊరి స్త్రీలు పూతరేకులు తీయుటయందు దిట్టలు. కుండను బోర్లించి, లోపల కొబ్బరాకు మంట పెట్టి, కుండ వీపు కాగిన పిమ్మట, పలుచని బియ్యపు పిండినీటిలో గుడ్డను ముంచి ఒక్క ఊపున దాని మీద పరచి తీసెదరు. కనురెప్ప పడునంతలో కాగితము వంటి రేకు పైకి లేచును. దానిని రెండు చేతుల కొనవ్రేళ్ళతో ఎత్తవలెను. గట్టిగా పట్టిన చినుగును, ఆలస్యము చేసిన మాడును.

ఆ ఊరిలో బుల్లిరత్నమను ఇల్లాలుండెను. ఆమె భర్త అబ్బులు కొబ్బరితోటల పని చూచువాడు, మాట తక్కువ మనిషి. అత్తగారు పేరిందేవమ్మ. ఆమెకు మాట తక్కువని ఆ ఊరిలో ఎవరును అనలేదు. బుల్లిరత్నము తీసిన రేకును ఎత్తి పట్టిన, దాని వెనుక నిలుచున్నవారి ముఖము తెలిసెడిది, ముఖమున బొట్టు తెలిసెడిది, ఆ బొట్టు కుంకుమయో స్టిక్కరో కూడ తెలిసెడిది. ఈ మాట నేను కల్పించినది కాదు, ఆమెయే అందరితో చెప్పుకొనెడిది. చేతనైన పనిని చెప్పుకొనుటలో తప్పేమున్నది?

రేకులంకలో గౌరీదేవి జాతరనాడు ఒక ఆచారమున్నది. సూర్యోదయ వేళ పందిరిలో, ఊరందరి ఎదుట, కొత్త కుండ మీద ఒక ఇంటి కోడలు మొదటి రేకు తీసి, చినుగకుండ అమ్మవారి ముందర పెట్టవలెను. దానిని తొలిరేకందురు. అది అమ్మవారికి అందిన తరువాతనే తక్కిన ఇండ్లవారు పొయ్యి వెలిగింతురు. తొలిరేకు చినిగినచో ఆ ఇంటికి మరుసటి ఏడు ఇంకొక్క అవకాశమిత్తురు. అప్పుడును చినిగినచో ఆ మర్యాద వేరొక ఇంటికి పోవును, మరల తిరిగి రాదు. పేరిందేవమ్మ అత్తగారి కాలమునుండి తొలిరేకు వారి ఇంటిదే. పేరిందేవమ్మ తన చేతులు వణకనారంభించిన ఏట దానిని కోడలికి అప్పగించుచు, "మన ఇంటి పరువు నీ పది వేళ్ళ మీద ఉందే అమ్మాయ్" అనెను. బుల్లిరత్నమునకు ఆ మాట ఒంటి మీది బంగారము కంటె ఎక్కువయ్యెను.

ఇట్లుండగా ఒక ఏడు చలికాలమున ఆమె నిద్రలేచునప్పటికి రెండు చేతుల వ్రేళ్ళును బిగుసుకొని యుండెను. పొద్దెక్కిన పిమ్మట సడలెను. మరునాడును అట్లే అయ్యెను. కుడి మణికట్టు వాచెను, కొలదికాలములోనే ఎడమదియు వాచెను. పాలగిన్నె చేతినుండి జారెను. పని మొదలుపెట్టకముందే అలసట వచ్చెను. ఒంట్లో సన్నని జ్వరము తగిలియుండెను.

ఆమె ఎవరికిని చెప్పలేదు. పది వ్రేళ్ళ మీద పరువు నిలిపినవారి ఎదుట ఆ వ్రేళ్ళు ఆడుట లేదని ఎట్లు చెప్పును? గాజులు ఎక్కక తీసివేసి, పనిలో అడ్డమొచ్చుచున్నవని అబద్ధమాడెను. సీసా మూత రానప్పుడు భర్త చేతికిచ్చి, తనకు తీరిక లేనట్లు అటు తిరిగెను. రేకులు చినుగుచుండగా, ఒకనాడు బియ్యము మంచివి కావనెను, ఒకనాడు కుండ మంచిది కాదనెను, ఇంకొకనాడు గుడ్డను తిట్టెను. పాపము ఆ గుడ్డ ఏమి చేయును?

తుదకు సంతలో సంచి తగిలించుకొని తిరుగు వైద్యుడొకడు ఆమె చేయి చూచి, ఇది వట్టి వాతమని, ఒక్క సూదితో ఎగిరిపోవునని చెప్పెను. సూది వేసిన మరునాటికే వ్రేళ్ళు విడెను. ఆ ఏడు తొలిరేకు అద్దమువలె వచ్చెను. బుల్లిరత్నము గర్వపడెను. కాని కొంతకాలమునకు నొప్పి తిరిగి వచ్చెను. మరల సూది వేయించెను, మరల తిరిగి వచ్చెను. ముఖము ఉబ్బెను, ఒంట్లో షుగరు చేరెను. ఒకనాడు వాడు ఆ సంతకు రానేలేదు. సూది మత్తులో ఇన్నాళ్ళును అణగియున్న జబ్బు ఒక్కసారిగా విజృంభించెను. ఆమె జడ ఆమె అల్లుకొనలేకపోయెను. చీర కుచ్చెళ్ళు పట్టుకొనలేక తలుపు వేసికొని ఏడ్చెను.

ఆ దినములలో ఒక ముసలి ముత్తైదువ రేకులు కొనుటకు వారి అరుగు మీదికి వచ్చెను. పొట్లము అందుకొనుటకు చేయి చాచినప్పుడు ఆమె వ్రేళ్ళన్నియు ఒక ప్రక్కకు ఒరిగియుండుట బుల్లిరత్నము చూచెను. ముసలమ్మయు బుల్లిరత్నము చేతులను చూచెను. "ఏమ్మా, పొద్దున్న లేవగానే బిగుసుకుంటున్నాయా?" అని అడిగెను. బుల్లిరత్నము చేతులను కొంగుచాటున దాచుకొనెను. "నేను చెప్పుకోడానికి సిగ్గుపడ్డాను. ఇదిగో, నా సిగ్గు ఇలా మిగిలింది" అని ముసలమ్మ తన చేతులు చూపెను. పట్టణమున పెద్దాసుపత్రిలో కీళ్ళ జబ్బులకు వేరుగా వైద్యులున్నారని, ఆలస్యము చేయవద్దని చెప్పి, రేకులు తీసికొని బస్సెక్కెను. ఆమె సాక్షాత్తు గౌరీదేవియని కొందరందురు. కాకినాడ నుండి వచ్చిన రిటైరైన పంతులమ్మయని కొందరందురు. నేను ఆ వివాదములోనికి పోను.

అంతట అబ్బులు భార్యను పట్టణమునకు తీసికొనిపోయెను. అచ్చట నాగశిరీషయను వైద్యురాలు బుల్లిరత్నము చేతుల ప్రతి కీలును నొక్కి చూచి, రక్తము పరీక్ష చేయించి, ఎక్స్‌రే తీయించి, దీని పేరు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని చెప్పెను. ఇది ముసలితనపు అరుగుదల కాదనియు, ఒంటిని కాపాడవలసిన శక్తియే దారితప్పి కీళ్ళ మీద పడినదనియు వివరించెను. "పోతుందా అండీ?" అని బుల్లిరత్నము అడుగగా, "పోయే జబ్బు కాదమ్మా, లొంగే జబ్బు. నువ్వు లొంగదీస్తే లొంగుతుంది" అని పలికెను.

హరిదత్తా, ఆ వైద్యురాలు బుల్లిరత్నమునకు ఉపదేశించిన వ్రత విధానమును వినుము. వారమునకొక్కసారి, ఎంచుకొన్న ఒకే దినమున, చెప్పిన మాత్ర వేసికొనవలెను. ఆ దినమును మరువరాదు, మార్చరాదు. దానికి తోడుగా ఇచ్చిన రెండవ మాత్రను వేరొక దినమున వేసికొనవలెను. చెప్పిన గడువునకు రక్తపరీక్ష తప్పక చేయించుకొనవలెను, ఏలయన మాత్ర మేలు చేయునది గాని దాని మీద కన్ను వేసియుంచవలెను. ఉదయమున వేడినీళ్ళలో చేతులుంచి, వ్రేళ్ళను ఒక్కొక్కటిగా మెల్లగా ఆడింపవలెను. వాపు ఉన్ననాడు చేతులకు విశ్రాంతినియ్యవలెను, లేనినాడు పని చెప్పవలెను. ఫలము వెంటనే కనబడదు, నెలలు పట్టును. విసుగు చెందరాదు.

బుల్లిరత్నము దానికి మంగళవారమును ఎంచుకొనెను, అది గౌరికి ప్రీతియైన వారము గనుక. ప్రతి మంగళవారమును తలస్నానము చేసి, గౌరమ్మకు పూజ చేసి, టిఫిను తిని, మాత్ర వేసికొనెను. మొదట ఏమియు తెలియలేదు. ఆవకాయల కాలము వచ్చునప్పటికి పిడికిలి మూతపడెను. తొలకరి పడునప్పటికి గాజులెక్కెను. జాతరనాడు ఆమె తీసిన తొలిరేకును చూచి ఊరివారు లేచి నిలుచుండిరి. ఇంటికి బేరము రెట్టింపయ్యెను. పేరిందేవమ్మ వీధిలో నడచునప్పుడు కోడలి పేరు ముందుగా ఎత్తి, తరువాత కుశలమడిగెను.

ఇక వినుము, ఇక్కడనే పొరపాటు జరిగెను. బుల్లిరత్నము తన జీవితమున పట్టిన నోమునెల్ల తీర్చుకొన్న మనిషి. అట్లతద్దియైనను, వరలక్ష్మియైనను, ఉద్యాపన చేయక విడిచినది ఒక్కటియు లేదు. అదియు ఆమెకు ఒక గర్వము. పేరిందేవమ్మ ఒకనాడు, "చేతులు బాగయ్యాయి కదా, పట్టిన నోము తీర్చుకోపోతే దోషవే పిల్లా. మంచిరోజు చూసి ఉద్యాపన చేసెయ్" అనెను. బుల్లిరత్నమునకు అది న్యాయముగనే తోచెను. నోమన్న తరువాత ఉద్యాపన లేకుండునా? డాక్టరమ్మను ఒక్క మాట అడుగుదమని అబ్బులు అనెను గాని, నోము మగవారికి తెలియదని అత్తాకోడండ్రు ఒక్కటై అతని నోరు మూయించిరి.

ముత్తైదువులను పిలిచిరి. చేటలలో పూతరేకులు, పసుపు కుంకుమలు, రవికలగుడ్డలు పెట్టి వాయనములిచ్చిరి. మిగిలిన మాత్రలను అరటిదొన్నెలో ఉంచి, కుంకుమ అద్ది, పూలు చల్లి, దీపము వెలిగించి గోదావరిలో విడిచిరి. బుల్లిరత్నము ఒడ్డున నిలిచి, దొన్నె కనుమరుగగువరకు చేతులు జోడించియుండెను. గోదావరి చేపలకు కీళ్ళ జబ్బులున్నవో లేవో నాకు తెలియదు. ఉన్నచో ఆ దినమున అవి తరించియుండవలెను.

కొంతకాలము బాగుగనే గడచెను. అందువలననే మనుష్యులు మోసపోవుదురు. చలి ముదిరినప్పటికి వ్రేళ్ళు మరల బిగుసుకొనెను. బుల్లిరత్నము తీర్చిన నోమును మరల పట్టుట ఎట్లని మథనపడి, రేపు తగ్గును, ఎల్లుండి తగ్గునని దినములు నెట్టెను. జాతర వచ్చెను. సూర్యోదయ వేళ ఆమె కొత్త కుండ ముందర కూర్చుండెను. గుడ్డను ముంచి పరచెను. రేకు లేచెను. దానిని ఎత్తబోయిన ఎడమచేతి వ్రేళ్ళు విడలేదు. రేకు నడిమికి చినిగి, సగము ఆమె చేతిలోను, సగము కుండ మీదను మిగిలి, ఆ కుండ మీది సగము అందరు చూచుచుండగా మాడెను. పెద్దలు ఆచారము ప్రకారము మరుసటి ఏడు ఒక్క అవకాశమున్నదని చెప్పి లేచిపోయిరి. పేరిందేవమ్మ కొంగు తలపై కప్పుకొని, ఎవరి ముఖమును చూడక ఇల్లు చేరెను.

ఆనాటినుండి బుల్లిరత్నము గౌరమ్మకు దీపము పెట్టుట మానెను. పొయ్యి ముట్టించుట మానెను. అన్నము కలుపుకొనుటకు కూడ చేయి రాకపోయెను. అప్పుడు మాట తక్కువ మనిషియైన అబ్బులు ఒక ఉదయమున బండి తీసి గుమ్మము ముందు పెట్టెను. "తొలిరేకు పోతే పోనీ. నువ్వు జడేసుకోలేక ఏడుస్తుంటే నేను చూళ్ళేను. బండెక్కు" అనెను. పెండ్లియైన తరువాత అతడు ఒక్కసారిగా అన్ని మాటలాడుట అదే మొదలని పేరిందేవమ్మ నేటికిని చెప్పును.

వైద్యురాలు నాగశిరీష ఎక్స్‌రే మరల తీయించి చూచెను. ఎడమచేతి చిటికెనవ్రేలి కీలు దెబ్బతిన్నదని, అది ఇక నిటారుగా రాదని చెప్పెను. మాత్రలేమైనవని అడిగెను. బుల్లిరత్నము తలవంచుకొని ఉద్యాపన సంగతి, దొన్నె సంగతి చెప్పెను. వైద్యురాలు కోపించునని తలచెను గాని ఆమె మెల్లగా, "నోముకి ఉద్యాపన నువ్వు చేశావు. జబ్బు కూడా ఉద్యాపన చేసుకుందా తల్లీ?" అని మాత్రము అడిగెను. ఆ ప్రశ్న ఆమెతో కూడ బస్తీ దాటి, రేవు దాటి, ఇంటివరకు వచ్చెను.

ఆ సాయంకాలము ఆమె గౌరమ్మ ముందు కూర్చుండి, "తల్లీ, ఇక నీకు వాయనమిచ్చి పంపించను. ఉన్నన్నాళ్ళు నాతోనే ఉండు" అని మ్రొక్కి మరల వ్రతము పట్టెను. వైద్యురాలు ఈసారి ఇంకొక మందును కూడ చేర్చెను. బుల్లిరత్నము పనితీరును మార్చుకొనెను. తెల్లవారకముందే పొయ్యి వెలిగించుట తన గొప్పగా చెప్పుకొనెడి ఆమె, ఎండ వాకిటికి వచ్చిన తరువాతనే పొయ్యి వెలిగించెను. గుడ్డ అంచులకు వెదురు పుల్లలు కుట్టి, వ్రేళ్ళతో కాక అరచేతులతో పట్టి పరచుట నేర్చుకొనెను. మంట ఎగదోయు పనిని అత్తగారు తీసికొనెను. ఆ పీట మీద కూర్చుండి పేరిందేవమ్మ ఊరి సంగతులన్నియు చెప్పెడిది గనుక పని అలసట ఎవరికిని తెలియలేదు.

అన్నిటికంటె మించి బుల్లిరత్నము దాచుట మానెను. అడిగినవారికి, అడగనివారికి కూడ తన జబ్బు పేరు చెప్పెను. అప్పుడు ఆ ఊరిలో చేతులు కొంగుచాటున దాచుకొన్నవారు మరికొందరు బయటపడిరి. బెల్లపు వర్తకుడు గవర్రాజు కూడ ఆమె మాట విని పట్టణము పోయి, అదే జబ్బని తెలిసికొని మాత్రలు తెచ్చుకొనెను. అయితే ఆతడు భక్తి ఎక్కువైనవాడు. వారమునకొక్కసారి చేసిన వ్రతమునకే ఇంత ఫలమున్న, ప్రతిదినము చేసిన ఎంత ఫలమోయని తలచి, ఆ వారపు మాత్రను దినదినమును మ్రింగెను. నోరెల్ల పుండ్లుపడి, గుక్కెడు నీరు మ్రింగలేక, జ్వరముతో కాగి, ఆసుపత్రిలో చావుబ్రతుకుల నడుమ పడియుండెను. బుల్లిరత్నము ఆసుపత్రికి పోయి, "ఇది జపం కాదు బావగారూ, ఎక్కువ చేస్తే ఎక్కువ పుణ్యం రాదు" అని చెప్పి, ఆతడు కోలుకొనువరకు ఆతని భార్యకు తోడుండెను. ఆతడు బ్రతికి, చెప్పిన తీరున వ్రతము చేసి, ఇప్పుడు తన దుకాణమున తానే బెల్లము తూచుచున్నాడు.

జాతర దగ్గరపడెను. ఇదియే చివరి అవకాశము. చేతులు లొంగినవి గాని తెల్లవారుజామున ఇంకను కొంత బిగువు ఉండెను. ఒక వ్రేలు వంకరగనే ఉండెను. వెనుకటి బుల్లిరత్నమైన ఒంటరిగా భయపడి, అదృష్టమునకు విడిచియుండును. ఈ బుల్లిరత్నము నేరుగా ఊరి పెద్దల సభకు పోయి నిలుచుండెను. "సూర్యోదయానికి నా చేతులు నావి కావండి. ఎండ పందిట్లోకి వచ్చాక తీస్తాను. అప్పుడు చినిగితే ఆ తప్పు నాది, మర్యాద తీసుకోండి" అనెను. అనాదిగా వచ్చు వేళను మార్చుట ఎట్లని కొందరు గొణిగిరి. అప్పుడు అర్చకుడు, తొలిరేకు తీయవలెనని ఉన్నది గాని అమ్మవారు తొందరపడునని ఎచ్చటను లేదని, బిడ్డ చేతులు విడువరకు తల్లి ఆగునని చెప్పెను. పెద్దలు సమ్మతించిరి.

ఆ ఏడు జాతర మంగళవారముననే వచ్చెను. ఊరందరు పందిరిలో గుమికూడిరి. బుల్లిరత్నము అందరి ఎదుట టిఫిను తిని, కొంగు ముడి విప్పి, మాత్ర తీసి, నీళ్ళతో వేసికొనెను. అటు తిరుగలేదు, కొంగు అడ్డము పెట్టుకొనలేదు. పిమ్మట వేడినీళ్ళలో చేతులుంచి వ్రేళ్ళను ఒక్కొక్కటిగా ఆడించెను. పేరిందేవమ్మ మంట ఎగదోసెను. ఎండ పందిరిలోనికి వచ్చి కుండ మీద పడెను. బుల్లిరత్నము గుడ్డను ముంచి, అరచేతులతో పరచి, తీసెను. రేకు లేచెను. తొమ్మిది వ్రేళ్ళు దానిని ఎత్తెను, పదియవది ప్రక్కకు వంగి చూచుచుండెను. రేకు చినుగలేదు. ఆమె దానిని గౌరీదేవి ముందు పరచినప్పుడు, దాని క్రిందనున్న అమ్మవారి పాదముల పసుపు స్పష్టముగా కనబడెను.

ఊరివారు జేజేలు పలికిరి. బుల్లిరత్నము కన్నులు తుడుచుకొనెను, దుఃఖముతో కాదు. అప్పుడు పొరుగూరినుండి వచ్చిన ఒక ముత్తైదువ, చేతులు చక్కబడినవి గనుక ఇక ఆ మాత్రల నోమునకు ఉద్యాపన ఎప్పుడని పేరిందేవమ్మను అడిగెను. పేరిందేవమ్మ పొయ్యి ముందు పీట మీదనే నిటారుగా కూర్చుండి, ఊరంతయు వినునట్లు, "మా కోడలి నోముకి ఉద్యాపన లేదండి. మేం చెయ్యనివ్వం" అని పలికెను. ఆ మాట విని బుల్లిరత్నము తన వంకరవ్రేలిని దాచుకొనక, రెండు చేతులను ఎత్తి అత్తగారికి నమస్కరించెను.

కావున హరిదత్తా, తెల్లవారినప్పుడు వ్రేళ్ళు బిగుసుకొనువారు, రెండు చేతుల కీళ్ళును సమముగా వాచినవారు, కారణము తెలియని అలసటతో కూలబడువారు ఆలస్యము చేయక కీళ్ళ వైద్యుని దర్శించి ఈ వ్రతమును పట్టవలెను. స్త్రీలే గాక పురుషులును చేయవచ్చును, గవర్రాజు తప్ప తక్కినవారు చెప్పకయే సరిగా చేయుదురని నా నమ్మకము. బిడ్డలు కలుగవలెనని కోరువారు ఆ కోరికను ముందుగానే వైద్యునితో చెప్పి, ఆయన చెప్పిన మందునే వాడవలెను. మద్యము త్రాగువారికి ఈ వ్రతము పొసగదు. మందు మానుట, పెంచుట, తగ్గించుట మన చేతిలో లేదు, ముహూర్తములోను లేదు. ఇంటివారు మంట ఎగదోసిన, సీసా మూత తీసిన, చెప్పినప్పుడు నమ్మిన, వారికి సగము ఫలము దక్కును.

ఈ వ్రతము చేయువారికి పిడికిలి మూతపడును, గాజులెక్కును, జడ తమ చేతులతో తామే అల్లుకొందురు, బిడ్డను ఎత్తుకొందురు, నేర్చిన విద్యను విడువకుందురు. వంగిన వ్రేలు వంగియే ఉండవచ్చును. తల మాత్రము వంగదు.

ఇట్లు ప్రశాంత మహర్షి హరిదత్తునకు చెప్పిన సంధిగౌరీ కథను నేడు మనము చెప్పుకొంటిమి. తల్లికి మంగళహారతి ఇచ్చి, అందరును ప్రసాదము తీసికొనవలెను. ప్రసాదము తిన్న పిమ్మట, నేడు మాత్ర వేసికొనవలసినవారు లోపలి గదికి పోక, ఇచ్చటనే, అందరి ఎదుటనే వేసికొనవలెను. మంచినీళ్ళు ఇంటివారు అందించవలెను.